పరదేశపు యంత్రములు - మన యింటి విద్యుత్తు

ఒకప్పుడు మన పల్లెలలో విద్యుద్దీపము వెలుగుటయే వింతగా నుండెడిది. నేడు దీపముతోబాటు పంకా, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్జు మొదలగునవి సామాన్య గృహములలో సైతము చేరినవి. వీనిలో కొన్ని మన దేశపు అంగళ్లలో కొన్నవి కావు. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల నుండియు, కడప, గోదావరి సీమల నుండియు ఎందరో మన సోదరులును, అక్కచెల్లెండ్రును గల్ఫు దేశములకు పోయి కష్టపడి పనిచేయుచున్నారు. కృష్ణా, గుంటూరు మొదలగు జిల్లాల నుండి చదువులకును, ఉద్యోగములకును అమెరికాకు పోయిన యువకులు అనేకులు. వీరు ఇంటికి వచ్చునపుడు వట్టి చేతులతో రారు. తల్లికి ఒకటి, అక్కకు ఒకటి, తమ్మునికి ఒకటిగా ఏదో యొక విద్యుత్ పరికరమును పెట్టెలో పెట్టుకొని వత్తురు.

ఆ పరికరము మన యింటి కరెంటుతో పనిచేయునా? ఈ ప్రశ్నను కొనుటకు ముందు అడుగువారు కొందరే. ప్లగ్గు పెట్టి, పొగ వచ్చిన తరువాత అడుగువారు పెక్కురు.

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినపుడు ఒక వృద్ధురాలి యింట కాసేపు కూర్చుంటిమి. ఆమెకు ఆయాసపు జబ్బు. మందును ఆవిరివలె పీల్చుటకు ఉపయోగపడు నెబ్యులైజరు అను చిన్న యంత్రమును అమెరికాలోనున్న కుమారుడు కొని, స్వగ్రామమునకు వచ్చు మిత్రునిచేత పంపెను. దాని ప్లగ్గునకు రెండు చదునైన రేకులు గలవు. అది మన సాకెట్టులో దూరలేదు. ప్రక్క యింటి కుఱ్ఱవాడు పట్టణము నుండి ఒక మారుప్లగ్గు తెచ్చి తగిలించి స్విచ్చి వేసెను. యంత్రము పెద్దగా మ్రోగి, కాలిన వాసన వేసి, ఒక్క నిమిషములో ఆగిపోయెను. ఆ రాత్రియే ఆమెకు ఆయాసము హెచ్చగా ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినది. ఇది చెప్పి ఆమె మాతో, “యంత్రం పోతే పోయింది నాయనా. వాడికి మాత్రం చెప్పలేదు. తెలిస్తే బాధపడతాడు,” అన్నది.

ఆ కుఱ్ఱవాని తప్పు లేదు. ప్లగ్గు సరిపోయినచో కరెంటు కూడ సరిపోయినట్లేయని అతడు భావించెను. ఇట్లు భావించువారు ప్రతి గ్రామమునను ఉన్నారు. కావున ఈ విషయమును కొంత వివరముగ తెలిసికొందము.

దేశమునకొక వోల్టేజి

కాలువలో నీరు ప్రవహించుటకు ఎత్తుపల్లములు ఎట్లు కారణమో, తీగలో విద్యుత్తు ప్రవహించుటకు వోల్టేజి అట్లు కారణము. దీనిని వోల్టులలో కొలుతురు. మన యిండ్లకు వచ్చు సరఫరా 230 వోల్టులు. అమెరికా, కెనడా దేశములలో యిండ్లలోని సాధారణ సాకెట్టులయందు 120 వోల్టులు మాత్రమే యుండును. జపానులో ఇంకను తక్కువ, 100 వోల్టులు. కువైటు, ఖతారు, ఒమాను, బహ్రెయిను, దుబాయి మొదలగు చోట్ల మనకు దాదాపు సమానముగ 220 నుండి 240 వోల్టుల వరకు గలదు. ఇంగ్లండు, సింగపూరు, మలేషియా, ఆస్ట్రేలియా దేశములును ఈ కోవకు చెందినవే.

ఈ భేదమునకు కారణము చరిత్రలో గలదు. అమెరికాలో ఎడిసను 1882లో న్యూయార్కు నగరమున పెర్ల్ వీధి విద్యుత్ కేంద్రమును ప్రారంభించినపుడు తన దీపములకు అనువుగ సుమారు 110 వోల్టులను ఎన్నుకొనెను. ఆ దేశము తరువాత కూడ ఆ మార్గమునే అనుసరించినది. ఐరోపాలో బెర్లిను నగరపు విద్యుత్ సంస్థ 1899లో 220 వోల్టులకు మారినది. వోల్టేజిని రెట్టింపు చేసినచో అదే శక్తిని సగము ప్రవాహముతో పంపవచ్చును. సన్నని తీగలు చాలును, దారిలో నష్టము తగ్గును. ఈ లాభమును గమనించి ఐరోపా దేశములును, వాని ప్రభావమునకు లోనైన దేశములును అధిక వోల్టేజినే స్వీకరించినవి. మనకు వచ్చినది ఈ రెండవ మార్గమే.

120 వోల్టుల వస్తువును 230 వోల్టులకు తగిలించినచో ఏమగును? వోల్టేజి రెట్టింపైనపుడు వేడి రెట్టింపు మాత్రమే అగునని తోచును. కాని నిజమునకు నాలుగు రెట్లగును. ఏలయన వోల్టేజి రెట్టింపుతోబాటు ప్రవాహము కూడ రెట్టింపగును. అమెరికాలో 1,000 వాట్లు తీసికొను ఇస్త్రీ పెట్టెను మన సాకెట్టులో పెట్టినచో అది సుమారు 3,670 వాట్లు తీసికొన యత్నించును. దానిలో 16 ఆంపియర్ల ప్రవాహము నడుచును. మన యింటి చిన్న సాకెట్టులు 5, 6 ఆంపియర్లకే నిర్మింపబడినవి. ఇస్త్రీ పెట్టె కాలిపోవుట ఒక నష్టమైతే, గోడలోని తీగ కాగి నిప్పంటుకొనుట మరియొక ప్రమాదము. జపాను నుండి తెచ్చిన 100 వోల్టుల రైస్ కుక్కరు విషయమున ఈ పెరుగుదల అయిదు రెట్లకు మించును.

దీనికి ప్రతికూలముగ, మన 1,000 వాట్ల నీళ్లు కాచు రాడ్డును అమెరికాకు తీసికొనిపోయి అచటి సాకెట్టులో పెట్టినచో సుమారు 270 వాట్లు మాత్రమే పనిచేయును. నీళ్లు కాగవు. ఇందువలన ప్రమాదము లేదుగాని ప్రయోజనమును లేదు.

క్షణమునకు ఎన్నిసార్లు?

మన యిండ్లలోని విద్యుత్తు ఒకే దిక్కున ప్రవహించునది కాదు. అది అటునిటు ఊగుచుండును. క్షణమునకు, అనగా ఒక సెకనులో, ఎన్ని పర్యాయములు పూర్తిగ అటునిటు ఊగునో ఆ సంఖ్యను హెర్ట్సులలో చెప్పుదురు. మన దేశమున ఇది 50. అమెరికాలో 60. సౌదీ అరేబియాలో కూడ 60. జపానులో విచిత్రముగ తూర్పు భాగమున 50, పడమటి భాగమున 60. పంతొమ్మిదవ శతాబ్దము చివర టోక్యో నగరము జర్మనీ నుండియు, ఒసాకా నగరము అమెరికా నుండియు యంత్రములు తెప్పించుకొన్నందున ఆ దేశము నేటికిని ఇట్లు రెండు భాగములుగ నున్నది.

ఈ సంఖ్యతో దీపమునకు, ఇస్త్రీ పెట్టెకు, కుక్కరునకు పనిలేదు. కాని మోటారు గల వస్తువునకు ఇది ముఖ్యము. సరఫరా ఊగెడి వేగమును బట్టి తిరుగు మోటారులు పెక్కు గలవు. 60 హెర్ట్సుల కొరకు చేసిన అట్టి మోటారు మన 50 హెర్ట్సులతో ఆరింట అయిదు వంతుల వేగముతోనే తిరుగును. ఈ సంఖ్యను బట్టి నడచు గోడ గడియారము గంటకు పది నిమిషములు వెనుకబడును. వేగము తగ్గుట యొకటే కాదు. మోటారులోని ఇనుప భాగములందు అయస్కాంత బలము హద్దు మీరి, తీగచుట్టలోని ప్రవాహము పెరిగి, అది వేడెక్కును. సౌదీ అరేబియా నుండి తెచ్చిన పాత ఫ్రిజ్జు మన యింట నడచుచున్నట్లే కనబడి, కొన్ని నెలలకు కంప్రెషరు కాలిపోవుటకు ఇది ఒక కారణము కావచ్చును.

ఆ దేశమున చిరకాలము 127 వోల్టులు, 220 వోల్టులు రెండును వాడుకలో నుండి, తరువాత 230 వోల్టుల వైపునకు మార్పు ఆరంభమైనది. కావున సౌదీ నుండి వచ్చు పాత వస్తువును పలక చదువక తగిలింపరాదు.

పలక చదువుట

ఏ వస్తువు ఎట్టి కరెంటు కొరకు చేయబడినదో ఆ వస్తువు మీదనే వ్రాసియుండును. అడుగు భాగమునగాని, వెనుకగాని, చార్జరు పైనగాని చిన్న పలక యుండును. అందు “ఇన్‌పుట్” అను మాటకు ఎదుట గల అంకెలను చూడవలెను. అంకెల ప్రక్కన ఆంగ్లాక్షరము “వి” యున్నచో అవి వోల్టులు. “హెచ్, జెడ్” అను రెండక్షరములున్నచో హెర్ట్సులు. ఆంగ్లము రానివారు బడికి పోవు పిల్లలచేత చదివించుకొనవచ్చును. చదివిన తరువాత వస్తువు ఈ నాలుగు తరగతులలో దేనికి చెందినదో నిర్ణయింపవచ్చును.

మొదటి తరగతి: “100-240 వోల్టులు, 50/60 హెర్ట్సులు” అని యున్నవి. సెల్‌ఫోను చార్జరులు, ల్యాప్‌టాపు చార్జరులు, కెమెరా చార్జరులు దాదాపు అన్నియు ఇట్టివే. ఇవి ఏ దేశమున కొన్నను మన యింట పనిచేయును. ప్లగ్గు ఆకారము మాత్రము మార్చుకొనిన చాలును.

రెండవ తరగతి: “220-240 వోల్టులు, 50 హెర్ట్సులు” అని యున్నవి. కువైటు, దుబాయి, ఖతారు, సింగపూరుల నుండి తెచ్చునవి ఎక్కువగ ఇట్టివి. ఇవియు మన కరెంటునకు తగినవే. ఇచటను ప్లగ్గు ఒక్కటే సమస్య.

మూడవ తరగతి: “220 వోల్టులు, 60 హెర్ట్సులు” అని మాత్రమే యున్నవి. వేడిచేయు పరికరములైనచో వాడవచ్చును. మోటారు, కంప్రెషరు గలవి యైనచో తెలిసిన మెకానిక్కును సంప్రదింపక నడుపరాదు.

నాలుగవ తరగతి: “100 వోల్టులు”, “110 వోల్టులు”, “120 వోల్టులు” అని మాత్రమే యున్నవి. వీనిని ఎట్టి పరిస్థితులలోను మన సాకెట్టునకు నేరుగ తగిలింపరాదు. పైన మేము చెప్పిన నెబ్యులైజరు ఈ తరగతికి చెందినది. దాని అడుగున “120” అను అంకె స్పష్టముగనే ముద్రింపబడియున్నది. చూచినవారు లేరు.

కొన్ని వస్తువులకు వెనుక ఒక చిన్న మీట యుండి 115, 230 అను రెండంకెలు కనబడును. అట్టి వానిని ప్లగ్గు పెట్టుటకు ముందే 230 వైపునకు జరుపవలెను.

మారుప్లగ్గు వోల్టేజిని మార్చదు

అంగళ్లలో దొరకు చిన్న మారుప్లగ్గు ఆకారమును మాత్రమే మార్చును. ఒక వైపున 230 వోల్టులు పోయినచో రెండవ వైపున 230 వోల్టులే వచ్చును. అట్లే ఫ్రిజ్జునకు వాడు స్టెబిలైజరు కూడ 230 వోల్టులను 110 చేయునది కాదు. పంపుసెట్లు ఎక్కువగ నడచునపుడు మన ఊళ్లలో వోల్టేజి హెచ్చుతగ్గులగును. వానిని సరిదిద్ది 230కి దగ్గరగ నుంచుటయే దాని పని.

నాలుగవ తరగతి వస్తువునకు కావలసినది వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు. దీనిని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరని అడిగినచో పట్టణములోని విద్యుత్ సామగ్రి అంగళ్లలో దొరకును. కొనునపుడు దాని శక్తిని చూడవలెను. వస్తువు పలక మీది వోల్టులను, ఆంపియర్లను గుణించిన ఎంత శక్తి కావలెనో తెలియును. 120 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని యున్నచో 180 అగును. మోటారులు మొదలిడునపుడు సాధారణముకంటె అనేక రెట్లు ప్రవాహమును లాగును. కావున ఇట్టి దానికి 500 శక్తి గల ట్రాన్స్‌ఫార్మరు కొనుట మేలు.

ఇచట మూడు హెచ్చరికలు చేయవలసియున్నవి. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చునుగాని 50 హెర్ట్సులను 60గా మార్చదు. కావున మోటారు వస్తువులు నెమ్మదిగనే తిరుగును. ఇది మొదటిది. ఇంటికి వచ్చు వోల్టేజి తగ్గినచో ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చునదియు ఆ దామాషాలో తగ్గును. 230కి 110 ఇచ్చునది 180కి సుమారు 86 మాత్రమే ఇచ్చును. ఇది రెండవది. ప్రయాణికుల కొరకు అమ్మెడి అరచేతిలో పట్టు తేలికపాటి కన్వర్టరులు కొన్ని వేడిచేయు వస్తువులకు మాత్రమే పనికివచ్చును. వానిని మోటారులకు, వైద్య పరికరములకు వాడరాదు. ఇది మూడవది.

2021లో కరోనా వ్యాధి తీవ్రముగ నున్నపుడు విదేశములలోని మనవారు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరులను ఇచటికి పంపిరి. అట్టి యంత్రములలో 120 వోల్టులు, 60 హెర్ట్సులకు చేసిన రకములును, 230 వోల్టులు, 50 హెర్ట్సులకు చేసిన రకములును వేర్వేరుగ గలవు. గాలిని నొక్కు కంప్రెషరు మోటారు వేగము తగ్గినచో రోగికి అందు ప్రాణవాయువు తగ్గవచ్చును. కావున వైద్య పరికరమును పంపువారు మన కరెంటునకు చేసిన రకమునే అడిగి కొనవలెను. ట్రాన్స్‌ఫార్మరు తగిలించి సరిపెట్టుకొనుట అన్ని వస్తువులకు తగదు. ప్రాణముతో సంబంధించిన వస్తువునకు అసలే తగదు.

ప్లగ్గు, తీగ, ఎర్తు

గల్ఫు దేశముల నుండి వచ్చు ప్లగ్గునకు మూడు చదరపు కాళ్లుండును. మన ప్లగ్గునకు మూడు గుండ్రని కాళ్లు. చాల యిండ్లలో ఆ ప్లగ్గును కోసివేసి, తీగల కొనలను గీకి, అగ్గిపుల్లలతో సాకెట్టు రంధ్రములలో బిగించుట మేము చూచియున్నాము. ఇంతకంటె అపాయకరమైన పని లేదు. పసిపిల్లల చేతికి ఆ తీగ తగులుటకు క్షణము చాలును. అంతేగాక ఆ చదరపు ప్లగ్గులో ఒక చిన్న ఫ్యూజు ఇమిడియుండును. ప్లగ్గును కోసినచో ఆ రక్షణ కూడ పోవును. ఎర్తు కాలు గల మంచి మారుప్లగ్గునైనను వాడవలెను, లేక ఎలక్ట్రీషియనుచేత మన మూడు కాళ్ల ప్లగ్గునైనను వేయింపవలెను.

ప్లగ్గు మార్చువారు తీగల రంగులను జాగ్రత్తగ గమనింపవలెను. మన పాత పద్ధతిలో ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. నేటి అంతర్జాతీయ పద్ధతిలో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు, పసుపుపచ్చ చారలు గల ఆకుపచ్చ ఎర్తు. కాని అమెరికా వస్తువులలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. మనవారు నలుపును న్యూట్రలని తలచి కలిపినచో వస్తువు నడచునుగాని, దాని స్విచ్చి ఆపిన తరువాత కూడ లోపల కరెంటు నిలిచియుండును. దానిని ముట్టినవారికి ఘాతము తగులును.

లోహపు శరీరము గల ప్రతి వస్తువునకు ఎర్తు ఉండవలెను. ఇంటి ఎర్తు గుంటలో వేసవియందు నీరు పోయుచు తేమ నిలుపవలెను. మీటరు ప్రక్కన 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు అమర్చుకొనినచో, కరెంటు దారితప్పి మనిషి శరీరము ద్వారా భూమికి పోవునపుడు అది క్షణములో సరఫరాను ఆపివేయును. వోల్టేజి తరచు తగ్గిపోవుచున్నచో 1912 అను సంఖ్యకు ఫోను చేసి విద్యుత్ సంస్థకు తెలుపవచ్చును.

పొగ వచ్చినపుడు మొదట మెయిను స్విచ్చి ఆపవలెను. నీళ్లు చల్లరాదు. ఎవరికైన కరెంటు తగిలినచో వట్టి చేతితో పట్టుకొని లాగరాదు. సరఫరా ఆపవలెను, అది వెంటనే సాధ్యపడనిచో పొడి కఱ్ఱతో తీగను తొలగింపవలెను.

కొనుటకు ముందు

అమెరికా, జపాను దేశములలోనున్నవారు వేడిచేయు వస్తువులను, మోటారు గల వస్తువులను అచట కొని పంపకుండుట ఉత్తమము. మిక్సీలు, కుక్కరులు, ఇస్త్రీ పెట్టెలు, నెబ్యులైజరులు మన పట్టణములలోనే మన కరెంటునకు తగినవి దొరకుచున్నవి. ట్రాన్స్‌ఫార్మరు ధర, పంపు ఖర్చు కలిపి చూచినచో ఇచట కొనుటయే చౌక. చెడిపోయినచో బాగుచేయువారును, విడిభాగములును ఇచటనే లభించును. పరదేశమున ఇచ్చిన గ్యారంటీ ఇచట చెల్లునో లేదో కూడ ముందుగ అడిగి తెలిసికొనవలెను. టెలివిజను కొనువారు, దాని యాంటెనా భాగము అచటి ప్రసారములకు చేసినది కావచ్చునని గుర్తుంచుకొనవలెను. అయినను కరెంటు సరిపడినచో, హెచ్‌.డి.ఎం.ఐ. తీగతో సెట్‌టాప్ బాక్సును కలిపి చూడవచ్చును.

ఇచటి నుండి అమెరికాకు పోవువారికిని ఈ మాటలే వర్తించును. రుబ్బురోలు లేని యింట దోసెపిండికి ఇబ్బందియని గ్రైండరు మోసికొనిపోవు తల్లులు గలరు. అచటి 110 వోల్టులు, 60 హెర్ట్సులకు చేసిన రకమేనాయని పలక చూచి కొనినచో శ్రమ ఫలించును.

మేము ఆ గ్రామము విడచుటకు ముందు వృద్ధురాలితో ఒక మాట చెప్పితిమి: “అమ్మా, మీ అబ్బాయికి తప్పక చెప్పండి. బాధపడినా ఫరవాలేదు. అక్కడ ఉన్న మనవాళ్లు నలుగురికి అతడు చెబుతాడు.” ఆమె కొంతసేపు ఆలోచించి తల ఊపినది. పట్టణమున కొన్న నెబ్యులైజరు ఇప్పుడు ఆమె మంచము ప్రక్కననే యున్నది. దాని అడుగున “230” అని వ్రాసియున్నదని మనుమరాలు మాకు చదివి వినిపించినది.

దూరమున నున్న బిడ్డలు ప్రేమతో పంపు వస్తువు ఇంటికి వచ్చినపుడు స్విచ్చి వేయుటకు తొందరపడవలదు. ముందుగ పలక చదువుడు. ఆ ఒక్క నిమిషము వస్తువును కాపాడును, ఇంటిని కాపాడును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునే కాపాడును.